మూత్రపిండము నిలిచెను, గుండె మాటేమి?

మూత్రపిండములు చెడిన రోగికి తల్లియో భార్యయో తన మూత్రపిండము నొకదాని నిచ్చి ప్రాణము నిలుపుట మన దేశమున నేడు వింత గాదు. 1971వ సంవత్సరమున వెల్లూరి క్రైస్తవ వైద్య కళాశాలలో జయప్రదమైన యీ చికిత్స నేడు మన పట్టణములందును జరుగుచున్నది. సజీవ దాతలలో స్త్రీలే యధికులు. ఇట్టి త్యాగముచే లభించిన యవయవము చక్కగా పనిచేయుచుండగనే రోగి గుండెపోటున మరణించుట కంటె శోచనీయమేమున్నది? మార్పిడి పొందినవారి మరణములకు హృద్రోగము ప్రధాన కారణములలో నొకటి.

హేతువులు స్పష్టములే. దీర్ఘవ్యాధిచే ధమనులు శస్త్రచికిత్సకు పూర్వమే గట్టిపడియుండును. క్రొత్త యవయవమును శరీరము త్రోసివేయకుండుటకై యిచ్చు స్టెరాయిడ్లు, సైక్లోస్పోరిన్ రక్తపు పోటును, కొలెస్టరాలును పెంచును. కొందఱికి మధుమేహమును దెచ్చును. అయినను మందు మానిన నవయవమే దక్కదు.

రక్తపరీక్ష యీ యపాయమును ముందుగా సూచింపగలదు. కాని సూచించునదెల్ల కారణము గాదు. హోమోసిస్టీన్ హెచ్చుగానున్న వారికి ధమనీవ్యాధి యధికమని గమనించి, దానిని విటమినులతో తగ్గించిన మేలు కలుగునని పలువురు తలచిరి. అమెరికా, కెనడా, బ్రెజిల్ దేశములలో 4,110 మందిపై జరిగిన పరిశోధన ఫలితములు 2011లో వెలువడెను. హోమోసిస్టీన్ తగ్గెను, హృద్రోగము తగ్గలేదు. పొగను విసరివేసిన నిప్పారునా?

కొలెస్టరాలు సంగతి వేఱు. 2003లో ప్రకటితమైన పరిశోధనలో ఐరోపా, కెనడాలకు చెందిన 2,102 మందిలో ఒక భాగమువారికి ఫ్లూవాస్టాటిన్ ఈయగా, చెడు కొలెస్టరాలు నూటికి 32 వంతులు తగ్గెను. ధమనుల చికిత్సలను గూడ చేర్చి లెక్కించినపుడు నిశ్చయమైన భేదము తేలలేదు గాని, హృద్రోగ మరణములును గుండెపోట్లును కలిసి మూడవవంతు తగ్గెను.

స్టాటిన్ మందులు మన హైదరాబాదు కర్మాగారములందే తయారగుచున్నవి. అయితే సైక్లోస్పోరిన్‌తో కలసిన కొన్ని స్టాటిన్లు కండరములకు హాని చేయును గావున, వైద్యుని యాజ్ఞ లేక వాడరాదు.

శస్త్రచికిత్సకు ధనసాహాయ్యము చేయు ప్రభుత్వములు తరువాతి పరీక్షలను రోగి సంసారమునకు వదలివేయుట న్యాయము గాదు. క్రియాటినిన్‌తో పాటు కొలెస్టరాలు, చక్కెర, రక్తపు పోటు క్రమముగా పరీక్షింపబడవలయును. రోగియు పొగాకును విడువవలయును. దాత ఋణము ఆస్పత్రి గడప దాటుటతో తీరునది గాదని మా యభిప్రాయము.