ఆటిజముగల విద్యార్థి కళాశాలకు పోవునపుడు

గ్రామ పెద్దలారా,

ఇంటరు పరీక్షలో నూటికి 90 మార్కులు తెచ్చుకొన్న పిల్లవాడు సూర్యాపేటలోనో మిర్యాలగూడలోనో డిగ్రీ కళాశాలలో చేరి, నెల తిరుగకముందే ఇల్లు చేరినచో, పొగరని కొందఱు, గాలి సోకినదని కొందఱు నిర్ణయింతురు. మూడవ కారణము కూడ నుండవచ్చును. దానికి ఆటిజమని పేరు.

ఇది అంటురోగము కాదు, పెంపకపు లోపమును కాదు. పుట్టుకతో వచ్చు భేదము. అమెరికాలో లియో కానర్ అను వైద్యుడు 1943లో దీనిని విపులముగా వర్ణించెను. ఇట్టివారిలో కొందఱికి మాటలే రావు. కొందఱు ఎంతటి చదువునకైనను చాలినవారు. నా యొద్ద చదివిన యొక బాలుడు అమరకోశము ప్రథమకాండమంతయు తడబాటు లేక అప్పగించెడివాడు. "బాగున్నావా నాయనా" యన్నచో తల వాల్చుకొనెడివాడు. వానికి ఆటిజమున్నదని చెప్పుటకు నేను వైద్యుడను కాను గాని, వైద్యులు చెప్పు లక్షణము లిట్టివే.

ఊరిబడిలో నందఱును తెలిసినవారే. కళాశాలలో గంటగంటకును గది మాఱును, అధ్యాపకుడు మాఱును. కోదాడనుండి సూర్యాపేటకు పోవు బస్సులో హారను మ్రోత, జనుల ఒత్తిడి. మనకు వినబడి పోవు చప్పుడు వారి చెవిలో సూదివలె నాటును. "రేపు చూతములే" యని గుమాస్తా యన్నచో, నిజముగా మఱునాడు వచ్చి నిలుచుందురు. ఆ మాటలోని తప్పింపు వారికి తోచదు. పాఠము కష్టమై కాదు, ఇవి తాళలేక చదువు మానుదురు.

కావున కళాశాల తెఱువకముందే యొకనాడు పిల్లవానిని తోడ్కొని పోయి తరగతి గది, గ్రంథాలయము, మఱుగుదొడ్డి చూపుడు. దిక్కు తోచనప్పుడు పోవలసిన అధ్యాపకు డొకడు ఫలానా యని ముందే ప్రిన్సిపాలుచేత చెప్పింపుడు. వేళలు మాఱినచో కాగితముమీద వ్రాసి యిమ్మనుడు. తలుపు ప్రక్క బల్ల యడుగుడు. ఇవన్నియు పిల్లవాని సమ్మతితోనే, ఊరంతయు చాటరాదు.

1995 నాటి వికలాంగుల చట్టములో ఆటిజము లేకుండెను. 2016 నాటి చట్టమున చేరినది. దానిచే పరీక్షలో అదనపు కాలము, వ్రాయసకాని సాయము కోరవచ్చును. వైకల్యము నూటికి 40 వంతులకు తగ్గదని ధ్రువపత్రమున్నవారికి ప్రభుత్వ, ఎయిడెడు కళాశాలలలో నూటికి 5 సీట్లకు తక్కువ గాకుండ ప్రత్యేకింపవలెను. ఐనను ముద్ర పడునని, ఇంటిలోని ఆడపిల్లల సంబంధములు చెడునని తల్లిదండ్రులు పత్రమే తీసికొనరు. ఈ వెఱపు మీ మాటచేతనే తీరును, వైద్యుని మాటచేత తీరదు. పరీక్షకు ముందునాడు పరుగెత్తినను పత్రము చేతికి రాదు. చేరికనాటికే నకళ్లు రెండు సిద్ధపఱచి, ఒకటి ప్రిన్సిపాలునకు, రెండవది పరీక్షల శాఖకు ఇచ్చి, ముట్టినట్లు సంతకము పుచ్చుకొనుడు.