జంఝావతిపై పడవ ఏల నడువలేదు?

బంధుగాం ప్రాంతపు జంఝావతి కొండలు దిగి, పార్వతీపురము సమీపమున గుంప సోమేశ్వరస్వామి సన్నిధిని నాగావళిలో కలియును. నాగావళి కళ్లేపల్లి వద్ద సముద్రము చేరును. నీటి త్రోవ సముద్రమువరకు ఉండగా ఈ సీమవారికి ఉప్పు పడవపై ఏల రాలేదు?

కొండవాలు మిక్కుటము, ఏటి నడుమ రాళ్లు, వానలలో వడి, వేసవిలో ఇసుక. కావున కోస్తా ఉప్పు బ్రింజారీల ఎద్దులపై కనుమలెక్కినది. ధాన్యము అదే త్రోవను దిగినది. 1931లో విజయనగరము-రాయపూరు రైలుమార్గము పూర్తియైన పిదప రాయగడ మీదుగా సరకునకు వేఱు దారి దొరికినది.

ఇదే కోరాపుట్టు సీమలో పుట్టిన కొలాబు శబరియై కూనవరము వద్ద గోదావరిని చేరును. కొండలలో అదియు పడవల నది కాదు. దిగువ డెల్టాలోనే కథ మాఱినది. 1852లో పూర్తియైన ధవళేశ్వరపు ఆనకట్ట కాలువలు పొలములతోబాటు పడవలకును నీరిచ్చినవి. వాలున్నచోట లాకులు కట్టిరి. పడవను రెండు తలుపుల నడుమ నిలిపి, నీరు ఎక్కించియో దింపియో అవతలి మట్టమునకు సరిచేసి విడిచెడివారు. అట్లు కాకినాడ సరకు కృష్ణ కాలువలను, బకింగుహాము కాలువను పట్టి మదరాసు చేరెడిది. డెల్టా వాలునకే అన్ని లాకులు కావలసిరాగా, జంఝావతికి ఎన్ని కావలెనో!

2006లో కొమరాడ మండలమున జంఝావతిపై వెలసిన రబ్బరు ఆనకట్ట సేద్యమునకే గాని పడవలకు గాదు. అదియును, ఎగువ ఒడిశా భూముల ముంపు తగవు తీరకపోవుటచే కట్టినది.