ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార కేన్సర్ టీకా – ఏ వయసులో వేయించాలి?

ఏరు పొంగి వచ్చిన తరువాత కట్ట పోయబూనినవానిని లోకం వివేకి అనదు. వ్యాధుల విషయంలోనూ అంతే. రోగం ముదిరిన తరువాత చేసే చికిత్సకన్నా, రోగకారణాన్ని దరిచేరనీయకపోవడమే శ్రేష్ఠమని ఆయుర్వేదం బోధిస్తుంది. దీనికే 'నిదాన పరివర్జనం' అని పేరు. స్త్రీల పాలిట మృత్యువుగా మారిన గర్భాశయ ముఖద్వార కేన్సర్ విషయంలో ఈ సూత్రాన్ని ఆచరణలో పెట్టడానికి నేడు ఒక మంచి సాధనం లభించింది. అదే హెచ్.పి.వి. టీకా. అయితే ఈ టీకా ఇచ్చే ఫలం చాలావరకు దానిని వేయించే వయసు మీద ఆధారపడి ఉంటుంది. తల్లిదండ్రులు ముందుగా గ్రహించవలసిన విషయం ఇదే.

వ్యాధికి మూలం ఏది?

హ్యూమన్ పాపిలోమా అనే వైరస్ ఈ వ్యాధికి మూలకారణం. ఈ సత్యాన్ని నిరూపించిన జర్మన్ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హాసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి లభించింది. ఈ వైరస్‌లో అనేక రకాలున్నాయి. వాటిలో 16, 18 సంఖ్యలు గల రెండు రకాలే దాదాపు 70 శాతం గర్భాశయ ముఖద్వార కేన్సర్లకు కారణం. దాంపత్య సంపర్కం ద్వారా ఇది ఒకరి నుండి మరొకరికి సోకుతుంది. సోకినవారిలో అధికభాగం స్త్రీలకు శరీరంలోని సహజ రోగనిరోధక శక్తి వల్ల ఒకటి రెండేళ్ళలో తొలగిపోతుంది. కొందరిలో మాత్రం తిష్ఠ వేసుకొని, 15 నుండి 20 ఏళ్ళలో క్రమంగా కేన్సర్‌గా పరిణమిస్తుంది. ఇది సోకడం శీలానికి సంబంధించిన దోషం కాదు. వివాహిత స్త్రీలలో ఎవరికైనా రావచ్చును.

2022 సంవత్సరపు అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదే సుమారు 1,27,000 మంది స్త్రీలు ఈ వ్యాధి బారిన పడ్డారు. సుమారు 80,000 మంది మరణించారు.

పసితనం వీడకముందే ఎందుకు?

'మా పాప ఇంకా పెద్దమనిషి కాలేదు, ఇప్పుడే ఈ టీకా ఎందుకు?' అని తల్లులు సంశయించడం సహజం. దీనికి సమాధానం సులభం. ఈ టీకా వైరస్ సోకకుండా కాపాడుతుందే తప్ప, అదివరకే సోకిన వైరస్‌ను తొలగించలేదు. కనుక వివాహానికి ఎన్నో ఏళ్ళ ముందే వేయించాలి. పైగా 9 నుండి 14 ఏళ్ళ ప్రాయంలో శరీరం ఈ టీకాకు ఎంతో చురుకుగా స్పందించి, రక్షక ద్రవ్యాలను అధికంగా తయారుచేసుకుంటుంది.

ఇంగ్లండులో జరిగిన పరిశీలన ఫలితాలు 2021లో వెలువడ్డాయి. 12–13 ఏళ్ళకే టీకా అందిన వర్గంలో ఈ కేన్సర్ 87 శాతం తగ్గింది. 14–16 ఏళ్ళకు అందినవారిలో 62 శాతం, 16–18 ఏళ్ళకు అందినవారిలో 34 శాతం మాత్రమే తగ్గింది. టీకా ఒక్కటే అయినా వయసు పెరిగినకొద్దీ ఫలం ఎలా తగ్గిందో ఈ అంకెలే చెబుతున్నాయి.

ఏ వయసుకు ఎన్ని మోతాదులు?

9–14 ఏళ్ళు: ఇదే సరియైన వయసు. మన దేశంలో సీరం సంస్థ తయారుచేసి, 2023 జనవరిలో విడుదల చేసిన సెర్వావాక్ టీకాను ఈ వయసువారికి ఆరు నెలల వ్యవధితో రెండు మోతాదులుగా ఇస్తారు. ఒక్క మోతాదు ఇచ్చినా చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 డిసెంబరులో ప్రకటించింది.

15–26 ఏళ్ళు: చిన్నతనంలో వేయించుకోనివారు ఇప్పుడైనా వేయించుకోవచ్చును. సెర్వావాక్‌ను ఈ వయసువారికి 0, 2, 6 నెలలలో మూడు మోతాదులుగా నిర్దేశించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం 20 ఏళ్ళ వరకు ఒకటి లేదా రెండు, 21 దాటినవారికి రెండు మోతాదులు చాలునంటున్నది.

27–45 ఏళ్ళు: అమెరికాలో 2018లో ఒక రకం టీకాకు ఈ వయసు వరకు అనుమతి లభించింది. కానీ ఈ ప్రాయంలో ప్రయోజనం స్వల్పం. అందరికీ అవసరం లేదు. స్త్రీ వైద్య నిపుణురాలితో మాట్లాడి నిర్ణయించుకోవాలి.

రోగనిరోధక శక్తి క్షీణించినవారికి ఏ వయసులోనైనా కనీసం రెండు, వీలైతే మూడు మోతాదులు అవసరం. గర్భవతులు ప్రసవం అయ్యేవరకు ఆగాలి. పాలిచ్చే తల్లులు వేయించుకోవచ్చును. సూది వేసినచోట నొప్పి, కొద్దిపాటి జ్వరం కలిగి తగ్గిపోతాయి. కొందరు బాలికలకు కళ్ళు తిరగవచ్చు కనుక టీకా వేయించాక పావుగంటసేపు కూర్చోబెట్టాలి.

ఖమ్మం ఉదంతం – నిజానిజాలు

చిల్పూరు గుట్ట పల్లెల్లోనైనా, జనగామ, వరంగల్ పట్టణాల్లోనైనా ఈ టీకా మాట ఎత్తగానే 'ఖమ్మంలో ఆడపిల్లలు చనిపోయారట కదా!' అని భయపడేవారు ఉండవచ్చు. ఆ భయాన్ని తేలికగా తీసివేయరాదు. జరిగినదేమిటో తెలుసుకోవాలి.

2009 జూలైలో నాటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10–14 ఏళ్ళ బాలికలు సుమారు 14,000 మందికి ఈ టీకా వేశారు. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇటువంటి కార్యక్రమమే సాగింది. రెండుచోట్ల కలిపి ఏడుగురు బాలికలు మరణించగా, 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని నిలిపివేశారు. ఏడుగురిలో అయిదుగురి మరణానికి నీట మునగడం, పాముకాటు, పురుగుమందు, మలేరియా కారణాలని తేలింది. మిగిలిన ఇద్దరి విషయంలో అంత స్పష్టత రాలేదు. అయితే మరణాలకూ టీకాకూ సంబంధం ఉండే అవకాశం లేదని ప్రభుత్వం నియమించిన సంఘం అభిప్రాయపడింది.

దోషం మరొకచోట ఉన్నది. వసతిగృహాల్లోని అనేకమంది బాలికల విషయంలో తల్లిదండ్రులకు బదులు వార్డెన్లే అంగీకారపత్రాలపై సంతకాలు చేశారు. దీనిని 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీసంఘం తీవ్రంగా తప్పుపట్టింది. తల్లిదండ్రులకు తెలిపి, వారి సమ్మతి పొందిన తరువాతనే బిడ్డకు టీకా వేయాలన్నదే దీనినుండి నేర్వవలసిన పాఠం.

ఆ కలకలం వల్ల దేశంలో వేరొకచోట సాగుతున్న మరో పరిశోధన కూడా మధ్యలో ఆగింది. అందులో సుమారు 5,000 మంది బాలికలకు ఒక్క మోతాదే అందింది. వారిని ఏళ్ళ తరబడి పరిశీలించగా, 16, 18 రకాల వైరస్ దేహంలో తిష్ఠవేయకుండా ఒక్క మోతాదే 95 శాతం మేర కాపాడినట్లు 2021లో వెల్లడయింది. ఒక్క మోతాదు చాలునన్న నేటి సూచనకు బలమైన ఆధారాలలో ఇది ఒకటి.

తల్లులకు ఒక మాట

కూతురికి టీకా వేయించే తల్లి తన సంగతి మరువరాదు. 30 ఏళ్ళు దాటిన ప్రతి స్త్రీ, బాధ ఏమీ లేకున్నా, అయిదేళ్ళకొకసారి గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించుకోవాలి. టీకా వేయించుకున్నవారికీ ఈ పరీక్ష తప్పదు. టీకా అన్ని రకాల వైరస్‌ల నుండి కాపాడదు.

చరకాచార్యుడు స్త్రీలకు వచ్చే యోనివ్యాపత్తులను 20గా వర్ణించాడు. తెల్లబట్టకు బియ్యం కడిగిన నీళ్ళు, అశోకారిష్టం వంటివి మన ఇళ్ళలో వాడుకలో ఉన్నవే. కానీ ఏ కషాయమూ, ఏ లేహ్యమూ ఈ టీకాకు ప్రత్యామ్నాయం కాదు. దుర్వాసనతో కూడిన తెల్లబట్ట, ముట్లుడిగిన తరువాత రక్తస్రావం, దాంపత్యానంతరం రక్తం కనిపించడం – వీటిలో ఏది ఉన్నా గృహవైద్యంతో నెలలు గడపక వెంటనే వైద్యురాలిని చూడాలి. తొలిదశలో పట్టుబడితే ఈ వ్యాధి నయమవుతుంది.

మీ ఇంట తొమ్మిదేళ్ళు నిండిన ఆడపిల్ల ఉంటే, సమీపంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో, ఏ.ఎన్.ఎం.నో అడిగి, ప్రభుత్వ పక్షాన ఏ వయసువారికి టీకా ఇస్తున్నారో తెలుసుకోండి. అక్కడ ఆమె వయసుకు వీలు లేకపోతే మీ వైద్యుని సంప్రదించండి. పదిహేనో ఏడు రాకముందే ఆ పని పూర్తిచేయండి.