తలుపులు తెరిచిన తర్వాత

2020 జూన్ 8వ తేదీన విశాఖపట్నంలో మస్జిద్‌ల తలుపులు తిరిగి తెరచుకున్నాయి. మార్చి చివరి వారం నుంచి జుమా లేదు, జమాఅత్ లేదు. ఆ యేటి రమజాన్ తరావీహ్‌లు ఇళ్లలోనే జరిగాయి. మే 25న వచ్చిన ఈదుల్ ఫిత్ర్ నమాజు కూడ ఇళ్లలోనే ముగిసింది. అందుచేత విశ్వాసులకు అది ఎంతో ఎదురుచూసిన రోజు. హార్బరు ముఖద్వారం వద్ద వేంకటేశ్వరాలయం, మేరీమాత చర్చి, ఇస్‌హాఖ్ మదీనా దర్గా వెలసిన మూడు కొండలు విశాఖవాసులకు సుపరిచితాలు. ఆ మూడు కొండలవారికీ మూతపడమన్న ఆజ్ఞ ఒకటే, తెరుచుకొమ్మన్న ఆజ్ఞా ఒకటే.

ఆ రోజున ఆంధ్రప్రదేశ్‌లో నమోదైన కరోనా కేసుల మొత్తం ఐదు వేల లోపు. సరిగ్గా నలభై తొమ్మిది రోజుల తర్వాత, అంటే జూలై 27 నాటికి, ఆ సంఖ్య 1,02,349కి చేరింది. మరో రెండు రోజులకు ఒక్కరోజు కేసులే పదివేలు దాటాయి. ఆగస్టు ముగిసేసరికి మొత్తం నాలుగు లక్షలు మించింది. ఈ పెరుగుదలకు మస్జిద్‌లు, ఆలయాలే కారణమని ఎవరూ అనలేరు. బజార్లు, బస్సులు, కార్యాలయాలు, పెళ్లిళ్లు అన్నీ ఆ వేసవిలోనే మెల్లమెల్లగా మొదలయ్యాయి. పరీక్షలు పెరగడం వల్ల కూడ కొన్ని కేసులు ఎక్కువగా బయటపడ్డాయి. అయితే ఆసుపత్రి పడకలు నిండిపోవడానికి, మరణాలు పెరగడానికి పరీక్షలు కారణం కాజాలవు. కనుక రెండు ప్రశ్నలు మిగిలాయి. తలుపులు తెరిచిన తర్వాత ప్రజలు ఈ పెరుగుదలను ఎలా చూశారు? ఎలా చూడవలసి ఉండింది?

అనుమతి వేరు, అభయం వేరు

అంటువ్యాధిలో కారణానికీ ఫలితానికీ నడుమ కొంత ఎడం ఉంటుంది. కరోనా వైరస్ సోకిన మనిషిలో లక్షణాలు కనబడడానికి సగటున ఐదారు రోజులు పడుతుంది. ఒక్కొక్కప్పుడు పద్నాలుగు రోజులు కూడ పట్టవచ్చు. జబ్బు ముదిరి ఆసుపత్రిలో చేరడానికి మరో వారం, మరణం సంభవించడానికి ఇంకా కొన్ని రోజులు పడతాయి. ఈ లోపల అతని నుంచి మరికొందరికి సోకుతుంది. కాబట్టి ఈరోజు చేసిన పొరపాటు మూడు వారాల తర్వాతగాని లెక్కలకు ఎక్కదు.

ఈ ఎడమే ప్రజలను మోసగించింది. తలుపులు తెరిచారు. మొదటి వారం గడిచింది, ఏమీ కాలేదు. రెండవ వారమూ గడిచింది. "ఇంతేనా, అనవసరంగా భయపడ్డాం" అన్న మాట వినవచ్చింది. జానమాజు ఇంటినుంచి తెచ్చుకోవాలి, మనిషికీ మనిషికీ ఆరడుగుల దూరం ఉండాలి, అరవై అయిదేళ్లు దాటిన పెద్దలు, పదేళ్లలోపు పిల్లలు ఇంటనే ఉండాలి - అని విధించిన నిబంధనలు ఒక్కొక్కటే సడలిపోయాయి. సరిగ్గా అప్పుడే వెనకటి వారాల లెక్క బయటపడసాగింది. రాష్ట్రంలో ఆ నలభై తొమ్మిది రోజుల పెరుగుదలను విభజించి చూస్తే కేసులు సుమారు పదకొండు రోజులకొకసారి రెట్టింపయ్యాయని తేలుతుంది. రెట్టింపు లెక్క మొదట్లో ఎవరికీ కనపడదు. కనబడేసరికి చేయి దాటిపోతుంది.

ఈ ఎడం తెలియకపోతే పొరపాటు రెండో వైపు కూడ జరుగుతుంది. 2020 నవంబరు 2న రాష్ట్రంలో తొమ్మిది, పది తరగతులు తెరిచారు. మూడు నాలుగు రోజుల్లోనే వందలాది విద్యార్థులకు, ఉపాధ్యాయులకు వ్యాధి సోకినట్లు పరీక్షల్లో తేలింది. చాలామంది తల్లిదండ్రులు బడిని నిందించారు. కాని మూడు రోజుల్లో బయటపడిన జబ్బులో అధికభాగం బడి తెరవకముందే సోకినదై ఉండాలి. అంటే బడి ఆ జబ్బును పుట్టించలేదు, ఊరిలో అప్పటికే ఉన్నదాన్ని చూపించింది. తెరిచిన మర్నాడే నిందించడం, తెరిచిన వారానికే నిశ్చింత చెందడం - రెండూ ఒకే అజ్ఞానం నుంచి పుట్టిన స్పందనలు.

తిరిగి వెలిగించడం

ఉక్కునగరానికి ఈ సంగతి కొత్తది కాదు. కోక్ ఓవెన్లనుగాని, బ్లాస్ట్ ఫర్నేసునుగాని దీపం ఆర్పినట్లు ఆర్పి, అగ్గిపుల్ల గీసినట్లు తిరిగి వెలిగించడం కుదరదని కర్మాగారంలో పనిచేసే ప్రతి కార్మికునికీ తెలుసు. ఆపడానికి ఎంత జాగ్రత్త కావాలో, మళ్లీ మొదలుపెట్టడానికి అంతకు మించిన జాగ్రత్త కావాలి.

ఇందుకు విశాఖ చెల్లించిన మూల్యం దారుణమైనది. 2020 మే 7 తెల్లవారుజామున, లాక్‌డౌన్‌లో మూతపడి తిరిగి పని మొదలుపెట్టబోతున్న ఎల్జీ పాలిమర్స్ కర్మాగారంలోని ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి ఆర్.ఆర్. వెంకటాపురం, పరిసర గ్రామాలను కమ్మేసింది. పన్నెండు మంది మరణించారు. వందలాది మంది ఆసుపత్రుల పాలయ్యారు. నిలవ ఉన్న స్టైరీన్ వేడెక్కినా పట్టించుకోలేదని, భద్రతా ఏర్పాట్లలో లోపాలున్నాయని రాష్ట్రప్రభుత్వం నియమించిన ఉన్నతాధికార సంఘం తేల్చింది. ఆ ఆవిరికీ వైరస్‌కూ సంబంధం లేదు. కాని పాఠం ఒకటే. మూసి ఉన్న కాలంలో లోపల ఏమి జరిగిందో చూడకుండా తెరిచే తలుపు ప్రాణాపాయం తెస్తుంది.

నాలుగు విధాల స్పందన

కేసులు పెరుగుతున్న రోజుల్లో ప్రజల్లో కనబడిన స్పందనలు స్థూలంగా నాలుగు.

మొదటిది అలసట. నెలల తరబడి కట్టుబాట్లలో ఉన్న మనిషి, ప్రమాదం పోయిందని నమ్మాలని కోరుకుంటాడు. ఇది ఒక్క విశాఖకు పరిమితం కాదు. 1918 ఇన్‌ఫ్లుయెంజా కాలంలో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరం నవంబరు 21న మాస్కు నిబంధనను ఎత్తివేయగా ప్రజలు పండుగ చేసుకున్నారు. వ్యాధి తిరిగి పెరగడంతో 1919 జనవరి 17న దానిని మళ్లీ విధించవలసి వచ్చింది. ఈసారి ప్రజలు మునుపటివలె వినలేదు. మాస్కులకు వ్యతిరేకంగా ఏకంగా ఒక సంఘమే ఏర్పడింది. తొందరపడి సడలించిన కట్టుబాటును రెండవసారి విధించడం మొదటిసారికంటె కష్టం.

రెండవది నింద. ముస్లిం పాఠకులకు దీనిని వివరించవలసిన పనిలేదు. 2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో ఢిల్లీ మర్కజ్‌కు వెళ్లి వచ్చినవారి పేరిట ఒక సముదాయం మొత్తాన్ని రోగకారకులుగా చిత్రించారు. కూరగాయల బండివాని పేరు అడిగి బేరం మానుకున్నవారు ఉన్నారు. ఆ యేడు ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి, తబ్లీగ్ సభలకు వచ్చిన విదేశీయులపై పెట్టిన కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారని వ్యాఖ్యానించింది. అయితే నింద తగిలినవాడు దానిని మరొకరిపైకి విసరకుండా ఉండగలిగినప్పుడే ఆ గాయం నుంచి నేర్చుకున్నట్లు. ఒకరి బరువు మరొకరు మోయరన్న ఖుర్ఆన్ బోధ మనపై నింద పడినప్పుడే కాదు, మనం వేలెత్తి చూపబోయినప్పుడు కూడ వర్తిస్తుంది. 2021లో తిరుపతిలో ముస్లిం యువకులు, సొంతవారే దగ్గరకు రావడానికి భయపడిన కరోనా మృతులకు మతభేదం చూడకుండా అంత్యక్రియలు జరిపారు. నిందకు అంతకంటె మంచి సమాధానం లేదు.

మూడవది పోలిక. 2020 మే 4న రాష్ట్రంలో మద్యం దుకాణాలు తెరిచినప్పుడు వాటి ముందు జనం బారులు తీరారు. మస్జిద్‌లు తెరుచుకోవడానికి మరో నెల పట్టింది. "సారాయికి లేని రోగం నమాజుకు వచ్చిందా?" అన్న ఆక్రోశం న్యాయమైనదే. ఆ ప్రశ్నకు పాలకులే జవాబుదారులు. కాని ఆ ఆక్రోశం నుంచి "కనుక మేమూ గుమిగూడతాం" అన్న నిర్ణయానికి వస్తే అది తర్కం కాదు. ఒకరు చేసిన తప్పు మరొకరికి అనుమతి కాజాలదు. పైగా, మద్యం దుకాణం ముందు నిలబడిన మనిషిపై ఎవరూ ఆశ పెట్టుకోరు. మస్జిద్‌లో నిలబడిన మనిషిపై పొరుగువాడు పెట్టుకుంటాడు.

నాలుగవది విధివాదం. "రాసిపెట్టి ఉంటే వస్తుంది, లేకపోతే రాదు" అన్న మాట అన్ని మతాలవారి నోటా వినిపించింది. అయితే ముస్లిం దానిని తన ఈమాన్‌లో భాగమనుకుని అంటాడు. కాబట్టి దీనిని విడిగా పరిశీలించాలి.

తఖ్దీర్, తద్‌బీర్

హిజ్రీ 18 ప్రాంతంలో షామ్ దేశంలో అమ్వాస్ ప్లేగు చెలరేగింది. అక్కడికి బయలుదేరిన ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) సర్గ్ అనే చోట ఈ వార్త విని, సహచరులను సంప్రదించి, వెనుదిరగాలని నిశ్చయించారు. దైవనిర్ణయం నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) ప్రశ్నించారు. తాము ఒక దైవనిర్ణయం నుంచి మరొక దైవనిర్ణయంలోకి వెళ్తున్నామని ఉమర్ (రజి) బదులిచ్చారు. ఒక లోయలో ఒకవైపు పచ్చిక, మరొకవైపు బీడు ఉంటే, ఒంటెలను ఎటువైపు మేపినా అది దైవనిర్ణయానికి లోబడే కదా అని ఉదాహరణ చూపారు. అప్పుడు హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి, ప్లేగు ఉన్న ప్రాంతానికి వెళ్లరాదని, తామున్న చోట వస్తే అక్కడినుంచి పారిపోరాదని మహాప్రవక్త (స) ఆదేశించినట్లు తెలిపారు. సహీహ్ బుఖారీలో, సహీహ్ ముస్లింలో ఈ ఉదంతం ఉన్నది.

కథ ఇంతటితో ముగియలేదు. ఆ ప్లేగులోనే అబూ ఉబైదా (రజి), ఆ తర్వాత ముఆజ్ బిన్ జబల్ (రజి) మరణించారు. వారి తర్వాత బాధ్యత చేపట్టిన అమ్ర్ బిన్ ఆస్ (రజి) ప్రజలను గుంపులుగా ఉండవద్దని, కొండలలోకి చెదరిపొమ్మని ఆదేశించారు. వ్యాధి తగ్గింది. ఈ చర్యను ఉమర్ (రజి) తప్పుపట్టలేదని చరిత్రకారులు రాశారు. తఖ్దీర్‌పై విశ్వాసం తద్‌బీర్‌ను, అంటే జాగ్రత్తను, రద్దు చేయదని సహాబాల ఆచరణే నిరూపిస్తున్నది. మేలు పొందడంకంటె కీడును తొలగించడం ముందన్న ఫిఖ్‌హ్ సూత్రం కూడ ఇక్కడిదే. జమాఅత్ గొప్ప మేలు. పక్కన నిలిచిన వృద్ధుని ప్రాణానికి కీడు వాటిల్లే స్థితిలో, ఆ మేలు కొంతకాలం ఇంటిలో వెతుక్కోవాలి.

రెండవ కెరటం

2021 ఆరంభంలో దేశమంతటా కేసులు తగ్గుముఖం పట్టాయి. ఫిబ్రవరిలో దినసరి కేసులు పదివేల స్థాయికి వచ్చాయి. వ్యాధి వెళ్లిపోయిందని నమ్మనివారు అరుదు. కాని భారత వైద్య పరిశోధనా మండలి ఆ చలికాలంలో జరిపిన రక్తపరీక్షల సర్వేలో పెద్దలలో ఐదింట ఒక వంతుకు మాత్రమే వైరస్ సోకినట్లు తేలింది. మిగిలిన నాలుగు వంతులకు ముప్పు అలాగే ఉన్నది. పెళ్లిళ్లు, జాతరలు, ప్రచారసభలు యథావిధిగా సాగాయి. విశాఖ నగరపాలక సంస్థ ఎన్నికల పోలింగు మార్చి 10న జరిగింది. తర్వాత డెల్టా అని పేరు పొందిన, మరింత వేగంగా సోకే రకం వ్యాపించి, మే మొదటి వారంలో దేశంలో దినసరి కేసులు నాలుగు లక్షలు దాటాయి. రాష్ట్రంలో మే 5 నుంచి మధ్యాహ్నం పన్నెండు తర్వాత కర్ఫ్యూ విధించారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్లయింది.

ఏప్రిల్ 22న విశాఖ ఉక్కు కర్మాగారంలో ద్రవ ఆక్సిజన్ నింపుకున్న ఏడు ట్యాంకర్లతో మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ మహారాష్ట్రకు బయలుదేరింది. ఉక్కు కరిగించడానికి పుట్టిన ఆక్సిజన్ మనుషుల ఊపిరి నిలపడానికి రైలెక్కిన రోజది.

ఇక్కడ ఒక విషయం మరువరాదు. తెరవమని అడిగినవారందరూ అవివేకులు కారు. రేవులో రోజుకూలి, ఆటో నడిపేవాడు, హోటల్లో గిన్నెలు కడిగే స్త్రీ - వీరికి లాక్‌డౌన్ అంటే ఆకలి. 2020 మేలో జాతీయ రహదారి వెంట విశాఖ మీదుగా ఒడిశా వైపు నడిచిపోయిన వలస కార్మికులను చూసినవారికి ఇది తెలుసు. కాబట్టి తెరవాలా మూయాలా అన్నది అసలు ప్రశ్న కాదు. ఏది ముందు తెరవాలి, ఎంత తెరవాలి, మూసి ఉంచినప్పుడు నష్టపోయేవారిని ఎవరు ఆదుకోవాలి అన్నదే ప్రశ్న. చివరి దానికి జకాత్, సదఖాలు ఉన్న సముదాయం సమాధానం చెప్పగలగాలి.

ఖాహిరాలో ఒక లెక్క

హదీసు విద్యలో మహాపండితుడైన ఇబ్నె హజర్ అస్ఖలానీ (హి. 773-852) ప్లేగు గురించి "బజ్లుల్ మాఊన్" అనే గ్రంథం రచించారు. తన కుమార్తెలను ప్లేగుకే కోల్పోయిన తండ్రి ఆయన. హిజ్రీ 833లో (క్రీ.శ. 1430) ఖాహిరాలో ప్లేగు మొదలైనప్పుడు దినసరి మరణాలు నలభైలోపే ఉండినవని ఆయన వ్రాశారు. ప్రజలు మూడురోజులు ఉపవాసముండి, వానకోసం చేసే ప్రార్థనవలె, ఎడారిలోకి వెళ్లి గుమిగూడి దుఆ చేసి తిరిగివచ్చారు. నెల తిరగకముందే దినసరి మరణాలు వేయి దాటాయి. దుఆను ఆయన కాదనలేదు. అలా గుమిగూడడం ధర్మవిహితమై ఉంటే సహాబాలు చేసి ఉండేవారు కదా అని ప్రశ్నించారు.

సూక్ష్మజీవుల సంగతి ఆయన కాలంలో ఎవరికీ తెలియదు. అయినా ఆయన ఒక పని చేశారు. జనం గుమిగూడకముందు ఎంతమంది, గుమిగూడిన తర్వాత ఎంతమంది అని లెక్కించారు. వచ్చిన లెక్క రుచించనిదైనా దాచలేదు.

కరోనా ప్రపంచ అత్యవసర స్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. మస్జిద్ నేలపై దూరం కోసం గీసిన గుర్తులు చెరిగిపోయాయి. భుజానికి భుజం కలిపి నిలబడే సఫ్‌లు తిరిగి వచ్చాయి, అల్‌హమ్‌దులిల్లాహ్. మరొక అంటువ్యాధి రాదని ఎవరూ పూచీ పడలేరు. అది వచ్చిననాడు మస్జిద్ కమిటీ ముందుగా తెలుసుకోవలసింది తలుపులు తెరవమన్న ఉత్తర్వు ఏ తేదీన వస్తుందని కాదు. తమ పేటలో ఈ వారం ఎందరు జబ్బుపడ్డారు, మూడు వారాల కింద ఎందరు అన్నది. తలుపు తెరిచే అధికారం ప్రభుత్వానిది కావచ్చు. లోపలికి వచ్చినవారి ప్రాణం మాత్రం లోపల ఉన్నవారి చేతిలోని అమానతు.