కూత వేసిన కార్లు

రైలు కూత వేస్తుందని అందరికీ తెలుసు. పొద్దున్నే మిల్లు కూత విని గడియారం సరిచేసుకున్న తరం కూడా ఇంకా మన ఇళ్లలో వున్నది. కాని కారు కూత వేయటం మీలో ఎందరు విని వుంటారు? ఒకప్పుడు కార్లు నిజంగానే కూత వేసేవి. అందుకు వాటికి కరెంటు అక్కరలేదు, రబ్బరు బుడ్డి అక్కరలేదు. ఇంజను వదిలిన పొగే చాలు.

ఈ వింత అర్థం కావాలంటే కారు కడుపులోకి ఒకసారి తొంగి చూడాలి. సిలిండరులో పెట్రోలు ఆవిరి భగ్గుమని మండినప్పుడు పుట్టిన వేడివాయువు పని ముగించుకుని గొట్టంలోకి దూసుకువస్తుంది. అది అలాగే బయటపడితే ప్రతిసారీ తుపాకి పేలినట్లుంటుంది. అందుకని దారిలో ఒక డబ్బాను అమర్చి, దాని అరల్లో వాయువును తిప్పి, చల్లార్చి, మెల్లగా బయటికి వదులుతారు. మన మెకానిక్కులు సైలెన్సరు అనేది దీన్నే.

తొలినాటి సైలెన్సర్లలో ఒక లోపం వుండేది. అవి మోతతోపాటు ఇంజను బలాన్ని కూడా కొంత మింగేవి. పొగ సాఫీగా పోకపోతే ఇంజనుకు ఊపిరి ఆడనట్లే గదా! ఆనాటి ఇంజన్లకు వున్న బలమే అంతంత మాత్రం. 1908లో వచ్చిన ఫోర్డు 'టి' మోడల్ బలం సుమారు ఇరవై గుర్రాలు. నిండా జనంతో గుట్ట ఎక్కాలంటే ఒక్క గుర్రాన్ని కూడా వదులుకోవటానికి మనసొప్పదు.

దీనికి కనిపెట్టిన ఉపాయమే కట్-అవుట్. సైలెన్సరుకు ముందు గొట్టానికి ఒక తలుపు పెడతారు. డ్రైవరు కాలిదగ్గర మీట నొక్కితే ఆ తలుపు తెరుచుకుని, పొగ సైలెన్సరు మొహం చూడకుండా నేరుగా బయటపడుతుంది. గుట్ట ఎక్కగానే మీట వదిలేస్తే మళ్లీ నిశ్శబ్దం. దీనివల్ల మరో లాభం కూడా వుండేది. తలుపు తెరిచి చెవి ఒగ్గితే నాలుగు సిలిండర్లూ వరుసగా మండుతున్నదీ, ఒకటి మధ్యలో తప్పుతున్నదీ ఇట్టే తెలిసిపోయేది. వైద్యుడికి స్టెతస్కోపు ఎలాగో డ్రైవరుకు కట్-అవుట్ అలాగ.

పొగకు అంత వేగం వున్నప్పుడు దానిచేత పాట ఎందుకు పాడించకూడదని కొందరికి తోచింది. గొట్టానికి ఒక ఈల బిగించి, తీగ లాగితే పొగ ఈలలోకి మళ్లేటట్లు చేశారు. అమెరికాలో క్లీవ్‌లాండు నగరానికి చెందిన క్లాడ్ ఫాస్టర్ ఇటువంటి హారన్లు తయారుచేసి, వాటికి బాకా ఊదే దేవదూత గేబ్రియల్ పేరు పెట్టాడు. ఆయన సంగీతం తెలిసినవాడు. పొడుగు గొట్టానికి మంద్రస్వరం, పొట్టి గొట్టానికి తారస్వరం పలుకుతుంది గనుక, కొలతలు వేర్వేరుగా వున్న గొట్టాలను పక్కపక్కన చేర్చితే స్వరాలు కలిసి పలికేవి. జెరికో అని ఇంకొక రకం వుండేది. బాకాలు ఊదితే గోడలు కూలాయని బైబిలు చెప్పే ఊరి పేరు అది!

పాత కార్ల ప్రదర్శనలో ఒకసారి అటువంటి ఈలను దగ్గరగా చూశాను. కారు యజమాని డెబ్బై దాటిన పెద్దాయన.

"వంగి చూడండి బాబూ, ఆ ఇత్తడి గొట్టమే," అన్నారు.

"మసి పట్టదా అండీ?" అని అడిగాను.

"పట్టకేం! నెలకోసారి కిరసనాయిలుతో కడగాలి. లేకపోతే దీనికి జలుబు చేస్తుంది," అని నవ్వి, తీగ లాగారు.

ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నంతసేపూ బొంగురుగా మూలిగింది. ఇంజను వేగం పెంచేసరికి రైలు కూత మాదిరిగా మోగింది. చుట్టూ వున్న పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఒక సంగతి తట్టింది. ఎదురుగా మనిషి అడ్డం వస్తే డ్రైవరు ముందు చేసే పని వేగం తగ్గించటం. వేగం తగ్గితే పొగ తగ్గుతుంది, పొగ తగ్గితే కూత నీరసిస్తుంది. సరిగ్గా అవసరం వచ్చిన క్షణంలోనే దాని గొంతు పడిపోతుందన్నమాట!

కట్-అవుట్ సంగతి ఇంకా చెడింది. గుట్టమీద తెరవవలసినదాన్ని కుర్రకారు బజారులో తెరవటం మొదలుపెట్టారు. గుర్రాలు బెదిరి బళ్లను లాక్కుపోయేవి. మోత ఎక్కువైతే బలం కూడా ఎక్కువేనన్న భ్రమ జనంలో పాతుకుపోయింది. అమెరికాలో ఎన్నో పట్టణాలు ఊళ్లో కట్-అవుట్ తెరవరాదని నిషేధాలు పెట్టవలసి వచ్చింది.

అదే కాలంలో నిశ్శబ్దాన్నే గొప్పగా చెప్పుకున్న కార్లూ లేకపోలేదు. రోల్స్ రాయిస్ వారు 1907లో ఒక కారుకు సిల్వర్ గోస్ట్ అని పేరు పెట్టారు. అంటే వెండి దయ్యం. వచ్చినట్టూ పోయినట్టూ వినిపించదని ఆ పేరు. మన ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆ రకం కారుకే ఆర్డరిచ్చి, అది చేతికి రాకముందే 1911లో గతించారు. హైదరాబాదులో చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లినవారు పసుపుపచ్చని రోల్స్ రాయిస్‌ను చూసే వుంటారు.

పొగ ఈలను చివరికి ఓడించింది బ్యాటరీ. 1908లో మిల్లర్ రీస్ హచిసన్ అనే ఆయన కనిపెట్టిన క్లాక్సన్ అనే కరెంటు హారన్ బజారుకెక్కింది. కారు నిలిచివున్నా, పరుగెత్తుతున్నా దాని కేక ఒక్కటే. ఈ హచిసన్ అంతకుముందు చెవిటివారికి వినికిడి యంత్రం చేసినవాడు. ఆ యంత్రాలు అమ్ముడుపోవటానికే ఈ హారన్ చేశాడని ఆనాడు ఛలోక్తి పుట్టింది! తరువాత 1912లో కాడిలాక్ కార్లకు కరెంటు స్టార్టరు వచ్చింది. క్రమంగా ప్రతి కారులోనూ బ్యాటరీ చేరింది. సైలెన్సర్లూ బాగుపడ్డాయి. ఇంక కట్-అవుట్‌తో పనిలేకపోయింది.

పని తీరినా సరదా చావలేదు. మా వీధిలో ఒక అబ్బాయి మోటారుసైకిలు సైలెన్సరు కోయించి, రాత్రి పదిగంటలకు ఊరేగుతుంటాడు. ఎదురింట్లో గుండెజబ్బుతో మంచం పట్టిన తాతగారున్నారు. ఆ మోత దూరాన వినిపించగానే ఆయన భార్య లేచి కిటికీ తలుపులు వేసి, ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంటుంది. ఈ సంగతి ఆ అబ్బాయికి తెలియదు. ఎవరైనా చెప్పాలి గదా అని నేనే వెళ్లి చెప్పాను. వారం రోజులుగా వీధి మలుపులో ఇంజను ఆపి, బండి నడిపించుకుని ఇంటికి వెళుతున్నాడు.

చెప్పినా విననివారికి చట్టం వుండనే వున్నది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 194-ఎఫ్ సెక్షను ప్రకారం సైలెన్సరును తప్పించి కట్-అవుట్ ద్వారా పొగ వదిలితే మొదటిసారి వెయ్యి రూపాయలు, ఆపైన రెండువేలు జరిమానా. వందేళ్లనాటి ఆ మాట ఇంకా చట్టంలో వున్నదంటే ఆ సరదా ఎంత మొండిదో చూడండి!

పాత కార్లకు ఈ అలంకారాలు వుండవలసిందే. వాటిని ఊడబెరికితే చరిత్ర చెడుతుంది. ప్రదర్శనలో ఒకసారి తీగ లాగి పిల్లలకు వినిపించినా తప్పులేదు. కాని వీధిలోకి వచ్చినప్పుడు మాత్రం ఆ వెండి దయ్యాన్ని చూసి నేర్చుకోవలసినది చాలా వుంది. బలమున్న బండికి అరవవలసిన పనిలేదు.