పొరుగింటి కుక్క, పొరుగువాని హక్కు

మెదక్ జిల్లాలోని టేక్మాల్ వంటి మండల కేంద్రంలో ఇండ్లు గోడకు గోడ ఆనుకొని ఉంటాయి. ఊరి చుట్టూ పొలాలు. గొర్లు, మేకలు, బర్లు ఉన్న వాకిట్లో కుక్క కూడా ఉండడం సహజం. మందకు కాపలా కావాలన్నా, మొక్కజొన్న చేను మీద పడే అడవిపందులను తరమాలన్నా రైతుకు అదే తోడు. అయితే ఒక వాకిట్లో కుక్క మొరిగిందంటే వాడలోని కుక్కలన్నీ అందుకుంటాయి. ఇషా నమాజు చేసి పడుకున్నవారికి ఫజ్ర్ అజాన్ దాకా కంటిమీద కునుకు ఉండదు. మంచం పట్టిన వృద్ధులు, పసిపిల్లల తల్లులు, తెల్లవారితే కూలికి పోవలసినవారు పడే బాధ మరీ ఎక్కువ. మొరిగే కుక్క కరవదన్న సామెత నిద్ర పట్టని మనిషికి ఏ విధంగానూ ఊరట కాదు.

ఈ బాధ ఒక ముస్లిం కుటుంబానికి కలిగినప్పుడు చర్చ తరచుగా దారి తప్పుతుంది. కుక్క నాపాక్ కదా, అది ఉన్న చోటికి దైవదూతలు రారు కదా అన్న మాటలు ముందుకు వస్తాయి. గోడ అవతలి మనిషికి ఇవి తన ఇంటిని అవమానించే మాటలుగా వినిపిస్తాయి. నిద్రకు సంబంధించిన ఫిర్యాదు మతానికి సంబంధించిన తగాదాగా మారడానికి ఆట్టే సమయం పట్టదు.

కాబట్టి ముందుగా ఈ విషయం తేల్చుకోవాలి. కుక్క ఉన్న ఇంట దైవదూతలు ప్రవేశించరన్న హదీసు కుక్కను పెట్టుకున్న ఇంటిని గురించినది. పక్కింటి కుక్క వల్ల మన ఇంటి శుభానికి లోటు రాదు. హనఫీ ధర్మవేత్తల ఫత్వా ప్రకారం కుక్క లాలాజలం అపరిశుద్ధం. పొడిగా ఉన్న దాని ఒళ్ళు బట్టలకు తగిలినంత మాత్రాన బట్టలు నాపాక్ కావు. షాఫయీలు ఇంతకంటె కఠినంగానూ, మాలికీలు ఇంతకంటె సులువుగానూ చెప్పారు. ఇక మొరుగుడు శబ్దానికి, పరిశుద్ధతకు సంబంధమే లేదు. దాని వల్ల వుజూ పోదు, నమాజు చెడదు. రాత్రివేళ కుక్కల అరుపు విన్నప్పుడు అల్లాహ్ శరణు కోరమని అబూ దావూద్ గ్రంథంలోని ఒక హదీసు బోధిస్తుంది. అది వినేవాడు చేయవలసిన పని.

పశువుల కాపలాకు, పంట రక్షణకు, వేటకు కుక్కను ఉంచుకోవడానికి దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) అనుమతించారు. వేటకు తర్ఫీదు పొందిన జంతువులు పట్టి తెచ్చినది తినవచ్చునని ఖుర్ఆన్ అయిదవ సూరాలో ఉంది. గుహవాసుల వెంట ఉన్న కుక్కను పద్ధెనిమిదవ సూరా ప్రస్తావించింది. అంటే టేక్మాల్‌లో గొర్లకాపరి వాకిట్లోని కుక్క, షరీఅత్ దృష్టిలో కూడా, అవసరం ఉండి ఉంచుకున్న కుక్కే.

మరి ఫిర్యాదుకు ఆధారం లేదా? ఉంది, అది బలమైనది కూడా. అయితే అది పరిశుద్ధత అధ్యాయంలో దొరకదు. పొరుగువారి హక్కుల అధ్యాయంలో దొరుకుతుంది. నిద్రను విశ్రాంతి కోసం కలిగించినట్లు 78వ సూరా చెబుతున్నది. ఎవరి కీడు నుండి పొరుగువాడు నిశ్చింతగా ఉండలేడో అతడు విశ్వాసి కాడని దైవప్రవక్త (స) ఒట్టు పెట్టి మరీ హెచ్చరించారు. హనఫీ ఫిఖ్హ్ ఆధారంగా 1869-1876 మధ్య ఉస్మానీ రాజ్యంలో కూర్చిన ‘మజల్లా’ అనే న్యాయస్మృతి ఈ సూత్రాన్ని వివరంగా చెప్పింది. ఎవరి సొత్తును వారు ఇష్టం వచ్చినట్లు వాడుకోవచ్చు. కాని పొరుగువానికి తీవ్రమైన నష్టం కలిగితే దానిని తొలగించవలసిందే. ఇంటి కట్టడానికి హాని చేసేది, ఇంట్లో నివసించడం వంటి మూలావసరానికి అడ్డు వచ్చేది తీవ్రమైన నష్టం. ఇంటి పక్కన పెట్టిన కమ్మరి కొలిమి, తిరగలి, గానుగ వంటివి ఇందుకు ఉదాహరణలు. ఎప్పుడో ఒకప్పుడు మొరిగే కుక్క ఈ కోవలోకి రాదు. రాత్రంతా, నెలల తరబడి ఇంట్లో మనిషిని నిద్రపోనివ్వని మొరుగుడు తప్పక వస్తుంది. ఈ రెండింటికీ తేడా చూడనివాడు న్యాయంగా ఫిర్యాదు చేయలేడు.

పొరుగింటి చప్పుడు అనగానే గుర్తు రావలసిన మనిషి ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహి). ఖతీబ్ బగ్దాదీ తన బగ్దాద్ చరిత్రలో ఈ వృత్తాంతం పొందుపరిచారు. కూఫాలో ఇమామ్ గారి పొరుగున ఒక చెప్పులు కుట్టేవాడు ఉండేవాడు. పగలంతా పని చేసి, రాత్రి మాంసమో చేపో తెచ్చి వండుకొని, తాగి, నిద్ర ముంచుకు వచ్చేదాకా ఒకే కవిత్వ పాదాన్ని మళ్ళీ మళ్ళీ పాడేవాడు. తనను లోకం పోగొట్టుకున్నదని ఆ పాట భావం. గోడకు ఇవతల ఇమామ్ గారు రాత్రంతా ఆరాధనలో ఉండి ఆ పాట వింటూ ఉండేవారు. కొన్ని రాత్రులు ఆ గొంతు వినిపించలేదు. మరొకరైతే పీడ విరగడైందనుకునేవారు. ఇమామ్ గారు విచారించారు. గస్తీవాళ్ళు పట్టుకుపోయి ఖైదులో పెట్టారని తెలిసింది. మర్నాడు ఫజ్ర్ నమాజు కాగానే కంచరగాడిద ఎక్కి అధికారి వద్దకు వెళ్ళి అతణ్ణి విడిపించుకు వచ్చారు. దారిలో, మేము నిన్ను పోగొట్టుకున్నామా అని అడిగారట. లేదు, మీరు నన్ను కాపాడుకున్నారు అన్నాడు అతడు. తరువాత తాగుడు మానుకున్నాడు.

అందరూ అబూ హనీఫాలు కాలేరు, కావాలని షరీఅత్ ఎవరినీ శాసించలేదు కూడా. కాని గమనించవలసింది ఒకటుంది. అవతలి ఇంట్లో ఏం జరుగుతున్నదో ఇమామ్ గారికి తెలుసు. నేటి తగాదాల్లో సాధారణంగా ఆ తెలియడమే ఉండదు. కుక్క యజమాని రాత్రిళ్ళు చేను కాడ మంచె మీద పడుకుంటాడు. ఇంటి దగ్గర ఏమవుతున్నదో అతనికి తెలియనే తెలియదు. లేదా అలవాటు పడి, ఆ చప్పుడు అతని చెవికి సోకదు. తెలియనివానిని దుర్మార్గుడని అనుకోవడం అన్యాయం.

కుక్క సంగతి కూడా ఆలోచించాలి. పొట్టి గొలుసుతో, బాటకు ఎదురుగా, ఒంటరిగా కట్టేసిన కుక్క ప్రతి అడుగుల చప్పుడుకు మొరుగుతుంది. అది చేయగలిగిందీ అంతే. ఆకలి, దాహం, పొద్దంతా కదలిక లేకపోవడం దాన్ని ఇంకా రేపుతాయి. గోడ మీదుగా అరిచినా, రాయి విసిరినా మొరుగుడు హెచ్చుతుందే గాని తగ్గదు. బాట కనపడని పెరటి వైపుకు మార్చడం, పొద్దు గూకే వేళ తిండి, నీళ్ళు పెట్టడం, రోజూ కాసేపు తిప్పడం, గొలుసు పొడుగు చేయడం వల్ల చాలా ఇండ్లలో బాధ తగ్గుతుంది. దాహంతో మట్టి నాకుతున్న కుక్కకు బావిలోకి దిగి తన మేజోడుతో నీళ్ళు తెచ్చి తాపిన మనిషిని అల్లాహ్ క్షమించిన వృత్తాంతం ప్రతి ముస్లింకు తెలిసినదే. ఆ హదీసు పక్కింటి కుక్కకు వర్తించదని ఎవరూ చెప్పలేదు. భారత చట్టం కూడా ఈ విషయంలో మౌనంగా లేదు. ఎప్పుడూ గొలుసుతో కట్టి ఉంచే కుక్కను తిప్పకుండా ఉపేక్షించడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం.

ఇక అడగడం ఎలా? తెల్లవారి కోపంతో కాక, సాయంత్రం పూట, ఒంటరిగా, పేరుతోనో వరసతోనో పిలిచి చెప్పాలి. నాలుగవ సూరా దగ్గరి పొరుగువానినీ, దూరపు పొరుగువానినీ కలిపి మేలు చేయమన్నది, మతభేదం చూపలేదు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంట మేకను కోసినప్పుడు యూదు పొరుగువానికి పంపారా అని ఆయన మొదట అడిగారు. బక్రీదు నాడు తప్ప తొక్కని గడపకు ఒకనాడు ఫిర్యాదుతో మాత్రమే వెళితే ఆ మాట చెవికెక్కదు.

అప్పటికీ వినకపోతే ఊరుకొమ్మని ధర్మం చెప్పలేదు. పొరుగువాడు బాధిస్తున్నాడని ఒకరు మొర పెట్టుకున్నప్పుడు దైవప్రవక్త (స) మొదట ఓర్చుకొమ్మన్నారు. మళ్ళీ వచ్చినప్పుడు ఇంటి సామాను బాట మీద పెట్టుకొమ్మన్నారు. వచ్చేపోయేవారు సంగతి తెలుసుకొని ఆ పొరుగువానిని నిందించసాగారు. చివరికి అతడే వచ్చి, ఇకపై బాధించనని మాట ఇచ్చి లోపలికి పిలిచాడు. నలుగురి ముందు పెట్టడం ఓర్పుకు విరుద్ధం కాదన్నమాట. ఊరి పెద్దలు, పంచాయతీ ఆ నలుగురి స్థానంలో ఉన్నారు. వాడంతటికీ బాధ అయితే తహసీల్దారు వంటి కార్యనిర్వాహక మేజిస్ట్రేటు ఎదుట అర్జీ పెట్టడానికి 2024 జులై 1 నుండి అమలులో ఉన్న కొత్త నేర విచారణ చట్టం 152వ సెక్షను వీలు కల్పిస్తుంది. బాధ ఒక్క ఇంటికే పరిమితమైతే దారి సివిల్ కోర్టు.

అన్నంలో మందు కలిపి గోడ అవతలికి వేయడం మాత్రం ఏ లెక్కకూ రాదు. కరిచే ప్రమాదకరమైన కుక్కను చంపడానికి ఇచ్చిన అనుమతి మొరిగే కుక్కకు చెల్లదు. విషం పెట్టి జంతువును చంపినవానికి భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షను అయిదేండ్ల వరకు ఖైదు విధిస్తుంది. పైగా ఆ అన్నాన్ని తినేది ఆ కుక్కే అవుతుందన్న భరోసా లేదు. ఆ వాకిట్లోనే కోళ్ళు తిరుగుతుంటాయి, పిల్లలు ఆడుకుంటుంటారు.

మొరిగే కుక్క ముస్లిం ఇంటిదే అయినప్పుడు లెక్క ఇంకొకటి. అవసరం లేకుండా కుక్కను ఉంచుకున్నవాని పుణ్యంలో రోజుకొక ఖీరాత్ తగ్గుతుందని హదీసు. రెండు ఖీరాత్‌లన్న ఉల్లేఖనం కూడా ఉంది. అవసరానికే ఉంచుకున్నా, పక్కింట్లో నిద్ర లేని మనిషికి జవాబు చెప్పవలసినది అతడే. ఆ ఇంటివారు వచ్చి అడిగేదాకా ఆగనక్కర లేదు.