ఖరీదైన సైకిలా, నేర్పా?

కొండదారుల్లో సైకిలు తొక్కే ఆటను మౌంటెన్ బైకింగ్ అంటారు. సైకిలు ఎంత ఖరీదైతే అంత గెలుపని చాలామంది అనుకుంటారు. 2015లో ఆస్ట్రియాలోని లియోగాంగ్‌లో జరిగిన ప్రపంచ కప్ పందెంలో, కొండ దిగడం మొదలుపెట్టగానే అమెరికాకు చెందిన ఆరన్ గ్విన్ సైకిలు చైను తెగిపోయింది. ఇక తొక్కి వేగం పెంచే వీలు లేదు. అయినా ఆయనే గెలిచారు. సైకిలు మంచిదే, కాని వచ్చిన వేగాన్ని మలుపుల్లో పోగొట్టుకోకుండా దిగిన నేర్పే ఆయనను గెలిపించింది.

మీ పిల్లలు గేర్ల సైకిలు కావాలని పట్టుబడితే ఈ సంగతి గుర్తుంచుకోండి. ఖరీదైన సైకిలు వేగాన్నిస్తుంది గాని, ఆపడం నేర్పదు. పల్లంలో ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా నొక్కితే హ్యాండిలు మీదుగా పడిపోతారు. రెండు బ్రేకులూ మెల్లగా వేయడం, ఒళ్లు కొంచెం వెనక్కి జరపడం, చక్రాన్ని కాక ముందున్న దారిని చూడడం మొదట చదును నేల మీద నేర్పించండి.

విరిగిన మణికట్టు చాలావరకు అతుక్కుంటుంది. తలకు తగిలిన దెబ్బ అలాంటిది కాదు. అందుకే అన్నిటికంటే ముందు తలకు సరిపోయే హెల్మెట్ కొనండి. పడిన తరువాత వాంతులు, మగత, తలనొప్పి పెరగడం కనిపిస్తే తెల్లవారే వరకు ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.